కొండ ఊరి చుట్టూ ఎలక్ట్రిక్ సైకిల్: ఒక ప్రయాణం, ఒక శక్తి లెక్క

7.0 లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు ఎలక్ట్రిక్ సైకిల్ పనిచేసే తీరును వివరించగలుగుతారు. ఒక కొండ దారి ఎక్కడానికి ఎంత శక్తి కావాలో స్వయంగా లెక్క కట్టగలుగుతారు. ఆ శక్తిలో మనిషి వాటా ఎంత, బ్యాటరీ వాటా ఎంత అన్నది దేనిమీద ఆధారపడుతుందో చెప్పగలుగుతారు.

7.1 ప్రవేశిక

శక్తి, సామర్థ్యం, పని అనే మాటలను మీరు ఇంతకుముందు పాఠాల్లో చదివారు. నిర్వచనాలు గుర్తుండే ఉంటాయి. అయితే నిర్వచనం తెలిసినంత మాత్రాన దాని విలువ తెలియదు. ఒక కిలోవాట్-గంట అంటే ఎంత? మన కరెంటు బిల్లులో అది 'ఒక యూనిట్'. దానితో ఏం చేయవచ్చునని అడిగితే చాలామంది ఫ్యాను, టీవీ, ఫ్రిజ్ అంటారు. ఒక మనిషిని కొండమీదికి చేర్చడానికి అందులో మూడో వంతు కూడా అక్కర లేదంటే నమ్మడం కష్టం. ఈ పాఠంలో మనం ఒక నిజమైన ఊరిని, ఒక నిజమైన దారిని తీసుకొని ఆ లెక్క చేద్దాం.

'బైక్' అనే మాటతో ముందుగా ఒక చిక్కు ఉంది. మనకు బైక్ అంటే మోటారు సైకిల్. అందువల్ల 'ఎలక్ట్రిక్ బైక్' అనగానే పెట్రోలు బదులు కరెంటుతో నడిచే మోటారు సైకిలో, స్కూటరో గుర్తుకు వస్తుంది. ఇక్కడ మనం మాట్లాడుకునేది అది కాదు. పెడళ్ళు, గొలుసు, గేర్లు అన్నీ ఉన్న మామూలు సైకిలుకు ఒక చిన్న మోటారు, ఒక బ్యాటరీ తోడైన వాహనం గురించి. అందుకని పాఠం అంతటా 'ఎలక్ట్రిక్ సైకిల్' అనే మాటనే వాడుతున్నాం.

7.2 ఊరు, దారి

స్విట్జర్లాండ్‌లోని బెర్న్ రాష్ట్రానికి దక్షిణాన ఉన్న ఎత్తైన ప్రాంతాన్ని బెర్నీస్ ఓబర్‌లాండ్ అంటారు. గ్రిండెల్‌వాల్డ్ అక్కడి కొండ ఊరు. సముద్ర మట్టానికి 1,034 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఊరికి దక్షిణంగా ఐగర్ పర్వతం 3,967 మీటర్ల ఎత్తున గోడలా నిలబడి ఉంటుంది. దాని ఉత్తర ముఖాన్ని మనుషులు మొదటిసారి ఎక్కగలిగింది 1938లో. అంతకుముందు ప్రయత్నించినవారిలో కొందరు అక్కడే ప్రాణాలు వదిలారు. తూర్పు వైపు వెటర్‌హార్న్, 3,692 మీటర్లు. 1890లో ఈ ఊరికి రైలు వచ్చింది. అప్పటినుంచి యాత్రికుల రాక తగ్గిన కాలాలు అరుదు.

ఊరినుంచి తూర్పుకు ఒక సన్నని తారు రోడ్డు బయలుదేరుతుంది. మొదట ఇళ్ళ మధ్యగా, తరువాత అడవి గుండా, ఆపైన పచ్చిక బయళ్ళ మీదుగా వంపులు తిరుగుతూ ఎక్కి, గ్రోసె షైడెగ్ అనే కనుమకు చేరుతుంది. కనుమ ఎత్తు 1,962 మీటర్లు. దూరం సుమారు 10 కి.మీ. ఎక్కేంతసేపూ కుడి చేతి వైపు వెటర్‌హార్న్ రాతి గోడ పక్కనే ఉంటుంది. కనుమ దాటితే అవతలి లోయలో మైరింగెన్ ఊరు. ఆ ఊరి దగ్గరి రైఖెన్‌బాఖ్ జలపాతం దగ్గరే ఆర్థర్ కోనన్ డాయిల్ 1893లో అచ్చయిన తన కథలో షెర్లాక్ హోమ్స్‌ను పడదోశాడు.

కనుమ మీది రోడ్డుపై ప్రైవేటు కార్లకు అనుమతి లేదు. నడిచేవాళ్ళు, సైకిళ్ళు, వేసవి నెలల్లో తిరిగే బస్సులు మాత్రమే కనిపిస్తాయి. స్విస్ కొండ దారుల్లో తిరిగే పసుపు రంగు పోస్టు బస్సులు మలుపుల దగ్గర మూడు స్వరాల హారన్ మోగిస్తాయి. ఆ స్వరాలు రొస్సీనీ రాసిన 'విలియం టెల్' సంగీత రూపకం నుంచి తీసుకున్నవి. హారన్ వినపడితే సైకిల్‌మీద ఉన్నవాళ్ళు అంచుకు జరిగి ఆగాలి. రోడ్డు వెడల్పు బస్సుకు, సైకిల్‌కు ఒకేసారి సరిపోదు.

లెక్కకు కావలసిన మూడు అంకెలు మనకు దొరికాయి. దూరం 10 కి.మీ.; ఎత్తు తేడా 1,962 - 1,034 = 928 మీటర్లు; సగటు వాలు 9 శాతానికి కాస్త పైన. అంటే ప్రతి 100 మీటర్ల దూరానికి 9 మీటర్లకు పైగా ఎక్కాలి. ఇది మామూలు వాలు కాదు. అలిపిరి నుంచి తిరుమలకు మెట్ల దారి సుమారు 9 కి.మీ. అయితే, పైకి వెళ్ళే ఘాట్ రోడ్డు సుమారు 18 కి.మీ. చేరే ఎత్తు ఒకటే. దూరం రెట్టింపు చేసి వాలును సగానికి తగ్గించారు. గ్రోసె షైడెగ్ రోడ్డు వేసినవాళ్ళు అంత దయ చూపలేదు.

7.3 ఎలక్ట్రిక్ సైకిల్ ఎలా పనిచేస్తుంది?

సైకిలుకు కరెంటు మోటారు తగిలించాలన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ 1895లోనే దానికి పేటెంట్ పొందాడు. కాని బరువైన సీసం బ్యాటరీలతో అది ముందుకు సాగలేదు. నేటి ఎలక్ట్రిక్ సైకిలుకు రూపం ఇచ్చిన ఆలోచన వేరు: మోటారు తనంతట తాను తిరగకూడదు, మనిషి తొక్కినప్పుడే, తొక్కినదానికి తగినట్టుగానే తోడు రావాలి. జపాన్‌కు చెందిన యమహా సంస్థ 1993లో ఈ పద్ధతితో సైకిలును అమ్మకానికి తెచ్చింది.

కొండ ప్రాంతాల్లో వాడే సైకిళ్ళలో మోటారు ఎక్కువగా పెడళ్ళ ఇరుసు దగ్గరే ఉంటుంది. మీరు పెడలును ఎంత బలంగా నొక్కుతున్నారో ఒక సెన్సార్ కొలుస్తుంది. ఎంత వేగంగా తిప్పుతున్నారో మరొకటి చూస్తుంది. ఈ రెండింటినీ బట్టి కంట్రోలర్ అనే చిన్న ఎలక్ట్రానిక్ మెదడు బ్యాటరీనుంచి మోటారుకు కరెంటు వదులుతుంది. మోటారు బలం కూడా మీ కాళ్ళ బలంతో పాటు అదే గొలుసు మీదుగా, అవే గేర్ల గుండా వెనక చక్రానికి చేరుతుంది. అందుకే నిట్టనిలువు దారిలో చిన్న గేరు వేస్తే మోటారుకు కూడా సులువవుతుంది. గేరు మార్చకుండా మోటారుమీద భారం వేసేవాళ్ళు బ్యాటరీని వేడి రూపంలో పారబోసుకుంటున్నట్టే.

హ్యాండిల్ మీద ఒక మీట ఉంటుంది. దానితో సాయం స్థాయిని తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని ఎంచుకోవచ్చు. గంటకు 25 కి.మీ. వేగం దాటగానే మోటారు తప్పుకొంటుంది. ఆపైన వేగం కావాలంటే మీ కాళ్ళదే పూచీ.

బ్యాటరీ లిథియం-అయాన్ రకం. 36 వోల్టులు, 14 ఆంపియర్-గంటలు అని దాని మీద రాసి ఉంటే, ఆ రెండింటినీ గుణించండి: 504 వాట్-గంటలు. సగం యూనిట్ కరెంటు అన్నమాట. మన ప్రయాణం మొత్తం ఆ సగం యూనిట్ లోపలే జరగాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. మోటారు పెడళ్ళ ఇరుసు దగ్గర ఉంటే గేర్ల వల్ల మోటారుకు కలిగే లాభమేమిటి?
2. 48 వోల్టుల, 10 ఆంపియర్-గంటల బ్యాటరీలో ఎన్ని వాట్-గంటల శక్తి ఉంటుంది?

7.4 కొండ అడిగే ధర

ఇప్పుడు అసలు లెక్క. మనిషి బరువు 75 కిలోలు, సైకిల్ 24 కిలోలు, వీపు సంచి, నీళ్ళు, చలికోటు కలిపి 6 కిలోలు అనుకుందాం. మొత్తం 105 కిలోలు. (రోజువారీ మాటలో బరువు అంటున్నాం, శాస్త్ర పరిభాషలో ఇది ద్రవ్యరాశి.)

ఒక వస్తువును ఎత్తుకు చేర్చడానికి చేయవలసిన పని = ద్రవ్యరాశి × గురుత్వ త్వరణం × ఎత్తు. అంటే 105 × 9.8 × 928 = 9,54,912 జౌళ్ళు. ఒక వాట్-గంట 3,600 జౌళ్ళకు సమానం కాబట్టి, భాగిస్తే సుమారు 265 వాట్-గంటలు.

ఈ అంకెలో దూరం లేదన్నది గమనించండి. 10 కి.మీ. దారిలో వెళ్ళినా, 20 కి.మీ. దారిలో వెళ్ళినా, ఎత్తినందుకు చెల్లించవలసింది 265 వాట్-గంటలే. దూరం వల్ల అదనంగా పడేది వేరే ఖర్చు. టైర్లు నేలమీద నొక్కుకొని దొర్లడం వల్ల పోయే శక్తి ఒకటి. తారు రోడ్డుమీద వెడల్పాటి టైర్లకు ఇది మొత్తం బరువు కలిగించే బలంలో వెయ్యింట 8 వంతుల దాకా ఉంటుందనుకుంటే, 10 కి.మీ.కు సుమారు 23 వాట్-గంటలు అవుతుంది. గాలిని చీల్చుకొని వెళ్ళడం రెండోది. గంటకు 12 కి.మీ. వేగంతో ఎక్కితే ఇది 11 వాట్-గంటలు మించదు. మూడూ కలిపితే దాదాపు 300 వాట్-గంటలు.

చదునైన రోడ్డుమీద సైకిల్ తొక్కేవాడికి గాలే పెద్ద శత్రువు. కొండ ఎక్కేవాడికి గాలి ఖర్చు 300లో 11 మాత్రమే. ఎత్తు ఖర్చు 265. కాబట్టి కొండ మీద వంగి కూర్చోవడం, బిగుతు బట్టలు వేసుకోవడం వంటి వాటివల్ల ఒరిగేది స్వల్పం. సంచిలోంచి 5 కిలోల సామాను తీసివేస్తే మాత్రం 13 వాట్-గంటలు మిగులుతాయి. ఎదురుగాలి లేని రోజున గాలి ఖర్చు మొత్తం కంటే అది ఎక్కువ.

మోటారు లేకుండానే ఈ 300 వాట్-గంటలు ఒక మనిషి ఇవ్వగలడా? ఇవ్వగలడు. కాని ఎంతసేపట్లో? సాధన లేని ఆరోగ్యవంతుడు నిలకడగా 100 వాట్లు ఇవ్వగలడనుకుంటే 3 గంటలు పడుతుంది. అంటే వేగం గంటకు 3 కి.మీ. పైచిలుకు. ఆ వేగంలో సైకిల్ నిలబడదు, పక్కకు ఒరుగుతుంది. మనిషి దిగి తోసుకుంటూ నడవాల్సిందే. మామూలు సైకిల్ పది కిలోలకు పైగా తేలికే అయినా చిక్కు ఇదే. కొండ ఊళ్ళలో సైకిల్ ఇంతకాలం యువకుల, క్రీడాకారుల వాహనంగా ఉండిపోయిందంటే కారణం ఇక్కడ ఉంది. ఓపిక లేకపోవడం కాదు. ఎక్కడానికి చాలినంత శక్తి ఉండి కూడా, బ్యాలెన్స్ నిలిపే వేగానికి చాలినంత సామర్థ్యం లేకపోవడం. శక్తికి, సామర్థ్యానికి ఉన్న తేడా పరీక్షలో రాయడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలిసి లేదు.

7.5 ధర ఎవరు చెల్లిస్తారు?

మోటారు ఉన్నంత మాత్రాన కొండ ధర తగ్గదు. నిజానికి మోటారు, బ్యాటరీల బరువు వల్ల కాస్త పెరుగుతుంది కూడా. మారేది ఆ ధరను ఎవరు ఎంత చెల్లిస్తారన్నదే.

గంటకు 12 కి.మీ. వేగంతో ఎక్కితే 50 నిమిషాల్లో కనుమ చేరతాం. 50 నిమిషాల్లో 300 వాట్-గంటలంటే సగటున 360 వాట్ల సామర్థ్యం. అందులో మనిషి 100 వాట్లు ఇస్తే, 50 నిమిషాలకు అతని వాటా 83 వాట్-గంటలు. మిగిలిన 217 మోటారు ఇవ్వాలి. బ్యాటరీ నుంచి బయలుదేరిన శక్తిలో నాలుగింట మూడు వంతులే చక్రానికి చేరుతుంది. మిగతాది మోటారులో, కంట్రోలర్‌లో, గొలుసులో వేడిగా పోతుంది. కాబట్టి బ్యాటరీ నుంచి ఖర్చయ్యేది 217 ÷ 0.75 = సుమారు 290 వాట్-గంటలు. ఇంట్లో 75 వాట్ల సీలింగు ఫ్యాను నాలుగు గంటలు తిరిగితే అయ్యే ఖర్చు కంటే కొంచెం తక్కువ.

500 వాట్-గంటల బ్యాటరీలో ఇంకా 210 మిగిలాయి. ఫరవాలేదు. అయితే అదే మనిషి కాస్త ఎక్కువ శ్రమపడి 150 వాట్లు ఇస్తే? అతని వాటా 125, మోటారుది 175, బ్యాటరీ ఖర్చు 233. శ్రమ ఒకటిన్నర రెట్లు చేస్తే బ్యాటరీకి కలిసి వచ్చింది అయిదో వంతు మాత్రమే. అదే బరువు విషయం చూడండి. మనిషి 75 కాక 95 కిలోలైతే కావలసిన శక్తి దాదాపు 355 వాట్-గంటలు అవుతుంది. అతనూ 100 వాట్లే ఇస్తే బ్యాటరీ ఖర్చు 363కు చేరుతుంది. ఇద్దరు స్నేహితులు ఒకే దుకాణంలో ఒకే రకం సైకిళ్ళు అద్దెకు తీసుకొని కలిసి బయలుదేరినా, ఒకరి బ్యాటరీ ముందే అయిపోతుంది. సైకిల్‌లో లోపమని అద్దె దుకాణంవాడితో వాదనకు దిగేముందు ఈ లెక్క ఒకసారి చేసుకోవడం మంచిది.

వేగం సంగతి ఇంకా విచిత్రం. ఎక్కువ సాయం పెట్టుకొని గంటకు 18 కి.మీ. వేగంతో ఎక్కామనుకోండి. ప్రయాణం 33 నిమిషాల్లో ముగుస్తుంది. గాలి ఖర్చు 11 నుంచి 25కు పెరుగుతుంది, మొత్తం 313. ఇది పెద్ద తేడా కాదు. కాని మనిషి 100 వాట్ల చొప్పున 33 నిమిషాలే తొక్కాడు. అతని వాటా 56కు పడిపోయింది. మోటారు వాటా 257. బ్యాటరీ ఖర్చు 343. అంటే కొండమీద తొందరపడితే బ్యాటరీ త్వరగా అయిపోవడానికి ముఖ్య కారణం గాలి కాదు. తొందరగా చేరడం వల్ల మన కాళ్ళు పనిచేసే సమయం తగ్గిపోవడం. చదును నేల మీద నేర్చుకున్న లెక్క కొండమీద పనికిరాని చోటు ఇది.

కనుమ చేరేలోపే బ్యాటరీ అయిపోతే ఏమవుతుంది? 24 కిలోల సైకిల్ చేతికి వస్తుంది. కిందికి దిగిపోవచ్చు, దానికి బ్యాటరీ అక్కర లేదు. అందుకే వెళ్ళిన దారినే తిరిగి వచ్చే ప్రయాణంలో ముందు ఎక్కి, తరువాత దిగేలా దారి ఎంచుకోవాలి. ముందు లోయలోకి దిగి, తిరుగు ప్రయాణంలో ఎక్కవలసిన దారులు కొత్తవాళ్ళను మోసం చేస్తాయి. గ్రిండెల్‌వాల్డ్ నుంచి కనుమ దాటి మైరింగెన్ వైపు దిగితే అలాంటి మోసమే ఎదురవుతుంది: మైరింగెన్ దాదాపు 600 మీటర్ల ఎత్తులోనే ఉంది, తిరిగి ఎక్కవలసింది 1,360 మీటర్లకు పైనే. మిగిలిన 210 వాట్-గంటలు అందుకు చాలవు. అక్కడినుంచి బస్సో రైలో ఎక్కవలసిందే.

చలి కూడా గుర్తుంచుకోవాలి. ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఊళ్ళో హాయిగా ఉన్నా కనుమ దగ్గర ఆరు డిగ్రీలు తక్కువ. లిథియం బ్యాటరీ చలిలో తన శక్తిని పూర్తిగా ఇవ్వదు. వెచ్చబడితే మళ్ళీ కోలుకుంటుంది. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు ఛార్జింగు పెడితే మాత్రం లోపల శాశ్వతంగా పాడవుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి
3. పై ఉదాహరణలో మనిషి 60 కిలోలుండి, 80 వాట్లు ఇస్తూ, 12 కి.మీ. వేగంతో ఎక్కితే బ్యాటరీ ఖర్చు ఎంత?
4. వేగం పెంచితే మనిషి వాటా తగ్గడానికి కారణం వివరించండి.

7.6 దిగడం: శక్తి ఎక్కడికి పోతుంది?

కనుమ దగ్గర ఒక హోటలు ఉంది. అక్కడ ఆగి వెనక్కి చూస్తే ఐగర్, దాని పాదాల దగ్గర లోయలో బొమ్మరిళ్ళలా గ్రిండెల్‌వాల్డ్ కనిపిస్తాయి. కష్టపడి కొనుక్కున్న 265 వాట్-గంటలు ఇప్పుడు మనలో, మన సైకిల్‌లో స్థితిశక్తిగా నిలవ ఉన్నాయి. దిగేటప్పుడు ఇవన్నీ బయటికి రావాలి.

గంటకు 25 కి.మీ. వేగంతో నెమ్మదిగా దిగితే 24 నిమిషాలు పడుతుంది. టైర్లు 23 వాట్-గంటలు, గాలి 48 వాట్-గంటలు తీసుకుంటాయి. మిగిలిన దాదాపు 195 వాట్-గంటలు తీసుకోవలసింది బ్రేకులు. సామర్థ్యంలో చెప్పాలంటే దిగినంతసేపూ బ్రేకుల దగ్గర సుమారు 480 వాట్ల వేడి పుడుతూ ఉంటుంది. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె ఇచ్చే వేడిలో సగం, అరచేతి పాటి రెండు ఇనుప పళ్ళేల మీద. అందుకే బ్రేకును నొక్కి పట్టుకొని జారుకుంటూ రావద్దని కొండ ఊళ్ళలో సైకిల్ అద్దెకిచ్చేవాళ్ళు చెబుతారు. మలుపుకు ముందు రెండు బ్రేకులూ గట్టిగా వేసి వేగం తగ్గించాలి, తరువాత వదిలేయాలి. వదిలిన క్షణాల్లో పళ్ళేలు గాలికి చల్లారుతాయి. బ్రేకు నూనె మరిగేంత వేడెక్కితే మీట నొక్కినా బ్రేకు పట్టదు. మలుపులో లోయ అంచున అది తెలియడం మంచిది కాదు. ఎక్కేటప్పుడు బ్యాటరీ మీద పెట్టిన శ్రద్ధ కంటే దిగేటప్పుడు బ్రేకు మీద పెట్టే శ్రద్ధ ముఖ్యం. బ్యాటరీ అయిపోతే నడుస్తాం. బ్రేకు పోతే ఆ అవకాశం ఉండదు.

ఈ వేడిని మళ్ళీ కరెంటుగా మార్చి బ్యాటరీలోకి పంపలేమా అన్న ప్రశ్న మీకు వచ్చే ఉంటుంది. ఎలక్ట్రిక్ కార్లు, రైళ్ళు ఆ పని చేస్తాయి. మోటారును వెనకనుంచి తిప్పితే అది జనరేటరు అవుతుంది. ఇరుసు దగ్గర మోటారు ఉన్న సైకిల్‌లో అది కుదరదు. దిగేటప్పుడు చక్రం తిరిగినా గొలుసు కదలదు, కాబట్టి మోటారూ తిరగదు. చక్రంలోనే మోటారు అమర్చిన కొన్ని సైకిళ్ళలో వీలుంది. ఎంత బాగా పట్టుకున్నా మన ఉదాహరణలో దొరికేది 195 లోపే.

అదే ఊరి పక్కన ఈ పని చక్కగా జరుగుతోంది. ఐగర్ పర్వతం లోపల సొరంగం తవ్వి వేసిన జుంగ్‌ఫ్రావ్ రైలు మార్గం 1912లో 3,454 మీటర్ల ఎత్తున ఉన్న స్టేషన్‌కు చేరింది. మొదటినుంచీ అది కరెంటు రైలే. దిగే రైలు మోటార్లు కరెంటు పుట్టించి తీగలోకి పంపుతాయి. ఎక్కే రైలు దాన్ని వాడుకుంటుంది. రైలుకు తీగ ఉంది, ఎదురు వచ్చే మరో రైలు ఉంది. ఒంటరి సైకిలుకు రెండూ లేవు.

7.7 ఆ కరెంటు ఎక్కడిది?

స్విట్జర్లాండ్‌లో తయారయ్యే విద్యుత్తులో సగానికి పైగా జలవిద్యుత్తే. కాబట్టి లెక్కను ఒక మెట్టు వెనక్కి తీసుకువెళ్ళవచ్చు. బ్యాటరీ నుంచి 290 వాట్-గంటలు రావాలంటే, ఛార్జరులో పోయేది కలుపుకొని గోడ ప్లగ్గు నుంచి దాదాపు 340 తీసుకోవాలి. టర్బైను, జనరేటరు, తీగల నష్టాలు కలుపుకుంటే నీటి నుంచి సుమారు 400 వాట్-గంటలు రావాలి. మనం ఎక్కిన 928 మీటర్ల ఎత్తునుంచే నీరు దూకుతుందనుకుంటే, ఎంత నీరు కావాలి? 400 × 3,600 ÷ (9.8 × 928) = సుమారు 158 కిలోలు. పది బిందెల నీళ్ళు. పది బిందెల నీళ్ళు కొండ దిగితే, ఒక మనిషి సైకిలుతో సహా ఆ కొండ ఎక్కాడు, అదీ తాను 83 వాట్-గంటలు కలిపితే.

ఆ నీటికి మూలం ఈ కొండల మీది మంచు, వాన. 19వ శతాబ్దం నడుమ, 1855 ప్రాంతాల్లో, గ్రిండెల్‌వాల్డ్ దగ్గరి హిమానీనదాలు లోయ నేల దాకా వచ్చి ఉండేవి. పర్యాటకులు నడిచి వెళ్ళి మంచును చేతితో తాకేవారు. నేడు అవి కొండ గొందుల్లోకి చాలా దూరం వెనక్కి తగ్గిపోయాయి. మన దారి మొదట్లో ఎగువ హిమానీనదం పేరుతో ఉన్న మలుపు దగ్గర నిలబడితే కనిపించేది మంచు వదిలిపోయిన బోడి రాళ్ళు. వాహనాల పొగ తగ్గించాలన్న వాదనకు ఇంత దగ్గరి సాక్ష్యం ఉన్న చోటు అరుదు. అయితే పర్యాటకుడు ఈ ఊరు చేరడానికి ఎక్కిన విమానం ఖర్చు ముందు, కొండమీద సైకిల్ తొక్కి మిగిల్చినది లెక్కకు రాదన్నది కూడా నిజమే.

7.8 దారి ఎవరిది?

రోడ్డుకు ఇరువైపులా ఉన్న పచ్చిక బయళ్ళు ఎవరూ పట్టించుకోని బంజరు కాదు. గ్రిండెల్‌వాల్డ్ లోయలో ఏడు ఉమ్మడి పచ్చిక సంఘాలు ఉన్నాయి. వేసవిలో పశువులను పైకి తోలుకొని వెళ్ళే హక్కు లోయలో ఉన్న భూమికి అనుబంధంగా ఉంటుంది. ఎవరు ఎన్ని ఆవులను మేపవచ్చో శతాబ్దాలుగా కట్టుబాట్లు నడుస్తున్నాయి. జున్ను చేసే పాకలు పైననే ఉంటాయి.

మోటారు సాయం లేని రోజుల్లో ఇంత ఎత్తుకు సైకిల్ మీద వచ్చేవాళ్ళు కొద్దిమంది. ఇప్పుడు అరవై ఏళ్ళు దాటినవాళ్ళు, మోకాళ్ళు నొప్పులున్నవాళ్ళు, సైకిల్ మానేసి ఇరవై ఏళ్ళయినవాళ్ళు కూడా వస్తున్నారు. వాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. అయితే కాలిబాట మీద నడిచేవాడి పక్కనుంచి 24 కిలోల సైకిల్ చప్పుడు లేకుండా దూసుకుపోతే అతనికీ చిన్న విషయం కాదు. దారికి అడ్డంగా ఉన్న తడక తీసి, మళ్ళీ వేయకుండా వెళ్ళిపోతే సాయంత్రం ఆవులను వెతుక్కునేది ఊరి రైతు. యంత్రం మనల్ని ఎత్తుకు చేర్చినంత సులువుగా అక్కడి మర్యాద నేర్పదు.

7.9 చట్టం, మన ఘాట్ రోడ్లు

స్విట్జర్లాండ్‌లో ఎలక్ట్రిక్ సైకిళ్ళు ముఖ్యంగా రెండు తరగతులు. గంటకు 25 కి.మీ. వరకు సాయం చేసేవాటికి 500 వాట్ల మోటారు దాకా అనుమతి. 45 కి.మీ. దాకా సాయం చేసేవాటికి నంబరు ప్లేటు, హెల్మెట్ తప్పనిసరి. 2022 ఏప్రిల్ 1 నుంచి రెండు తరగతులకూ పగటిపూట కూడా దీపం వెలిగించాలి. యూరోపియన్ యూనియన్ దేశాల్లో మామూలు తరగతికి హద్దు 250 వాట్లు.

మన దేశంలో కూడా మోటారు సామర్థ్యం 250 వాట్ల లోపు, వేగం 25 కి.మీ. లోపు, బ్యాటరీ కాక బరువు 60 కిలోలు మించకుండా ఉన్న ఎలక్ట్రిక్ ద్విచక్ర వాహనాన్ని మోటారు వాహనంగా పరిగణించరు. కాబట్టి రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర లేదు. కాని ఇక్కడ దొరికే చాలా వాహనాలకు స్కూటరులాగా చేతితో తిప్పే యాక్సిలరేటరు ఉంటుంది. తొక్కకుండా దానిమీదే ఆధారపడి 9 శాతం వాలు ఎక్కాలనుకుంటే ఏమవుతుందో లెక్క కట్టవచ్చు. మన 105 కిలోలను ఆ వాలు మీద నడపడానికి దాదాపు 108 న్యూటన్ల బలం కావాలి. 250 వాట్లను 108తో భాగిస్తే సెకనుకు 2.3 మీటర్లు; గంటకు 8 కి.మీ. పైచిలుకు. మోటారు నష్టాలేమీ లేవనుకున్నా అంతే. వెనక ఒకరిని కూర్చోబెట్టుకుంటే అదీ రాదు. మైదానంలో బాగా నడిచిన వాహనం ఘాట్ రోడ్డులో మొరాయిస్తే ఆశ్చర్యం లేదు; దాని సామర్థ్యం హద్దు చట్టంలోనే ఉంది.

అరకు, శ్రీశైలం, వికారాబాద్ దగ్గరి అనంతగిరి, మీకు దగ్గరలో ఏ కొండ దారి ఉన్నా ఈ పద్ధతి వర్తిస్తుంది. కావలసినవి రెండే అంకెలు: కింది ఊరి ఎత్తు, పైన చేరే చోటు ఎత్తు. సముద్ర మట్టానికి ఎంత ఎత్తో రైల్వే స్టేషన్ పేరు పలకల మీద రాసి ఉంటుంది. ఫోనులోని మ్యాపులు కూడా చూపుతాయి.

అభ్యాసం

మీ ప్రాంతంలో ఒక కొండ దారిని ఎంచుకోండి. కింది అంశాలను లెక్క కట్టి, మీ అధ్యయన కేంద్రంలో జరిగే తరగతికి తీసుకురండి.
(అ) ఎత్తు తేడా, దూరం, సగటు వాలు.
(ఆ) మీ బరువుతో, 24 కిలోల సైకిల్‌తో ఆ దారి ఎక్కడానికి కావలసిన మొత్తం శక్తి.
(ఇ) మీరు 100 వాట్లు ఇస్తూ 12 కి.మీ. వేగంతో ఎక్కితే 500 వాట్-గంటల బ్యాటరీ చాలుతుందా? చాలకపోతే వేగం, సామాను, సాయం స్థాయి అనే మూడింటిలో దేన్ని ముందు మారుస్తారు? ఎందుకు?
(ఈ) అదే దారిలో 25 కి.మీ. వేగంతో దిగితే బ్రేకుల దగ్గర పుట్టే వేడి ఎన్ని వాట్లు?